చిన్న ప్రభుత్వం కావాలనుకునే కన్జర్వేటివ్‌కి 2016 ట్రంప్ ఎందుకు మింగుడుపడలేదు?

అడిగిన ప్రశ్న ఇదీ: "మీరు పన్నులు తగ్గాలంటారు, తుపాకీ హక్కు ఉండాలంటారు, గవర్నమెంటు మన విషయాల్లో వేలు పెట్టకూడదంటారు. మరి 2016లో ట్రంప్‌ని ఎందుకు వ్యతిరేకించారు? ఆయన నోటి దురుసు నచ్చకా, లేక లోపల్లోపల మీరూ డెమోక్రాటేనా?"

నోటి దురుసు ఒక్కటే అయితే రెండు లైన్లలో చెప్పి ఊరుకునేవాణ్ణి. నేనుండేది టెక్సాస్‌లో, ఓటు హక్కు వచ్చినప్పటి నుంచి రిపబ్లికన్ ప్రైమరీలోనే (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్) వేస్తున్నాను, గట్టిగా మాట్లాడే నాయకులు ఇక్కడ కొత్తేమీ కాదు. నా పేచీ ఏంటంటే, ప్రభుత్వం మరీ పెద్దదైపోయిందని ట్రంప్ ఎప్పుడూ బాధపడలేదు. దాన్ని నడిపేవాళ్లు చేతకానివాళ్లు, నేను కూర్చుంటే అదే యంత్రాంగం బ్రహ్మాండంగా నడుస్తుంది, ఇదే ఆయన మొత్తం ప్రచారం. 2016 జూలై 21న క్లీవ్‌లాండ్‌లో నామినేషన్ తీసుకుంటూ ఈ వ్యవస్థని బాగుచేయగలిగేది నేనొక్కణ్ణే అన్నాడు, హాలంతా చప్పట్లు. 1964లో ప్రెసిడెంటు పదవికి నిలబడ్డ గోల్డ్‌వాటర్ నుంచి ప్రెసిడెంటైన రేగన్ దాకా ఈ పార్టీ కనీసం నోటితోనైనా చెప్పుకుంటూ వచ్చింది దీనికి సరిగ్గా ఎదురు మాట: ఎంత మంచివాడైనా ఒక్కడి చేతిలో అంత అధికారం పెట్టకండి అని. చేతల్లో ఆ మాట మీద నిలబడ్డారా అంటే, అది కూడా చెప్తాను, కింద వస్తుంది.

మా బాపతు వాళ్లం ఎవరో తెలియనివాళ్ల కోసం కాస్త. లిబర్టేరియన్ వైపు మొగ్గే కన్జర్వేటివ్ అంటే కుటుంబం, గుడి, చర్చి, ఊరి సంఘం, ఇవన్నీ మనుషులు తమంతట తాము నిలబెట్టుకోవాలి తప్ప వాషింగ్టన్ నిలబెట్టకూడదు, వ్యాపారం ఎవరితో చేయాలో కొనేవాడూ అమ్మేవాడూ తేల్చుకోవాలి, ప్రెసిడెంటుకి రాజ్యాంగం రాసిచ్చిన పని తప్ప ఇంకోటి ఉండకూడదు అనుకునేవాళ్లం. ఏ అధికారం గురించైనా మేం అడిగేది ఒకటే, రేపు నాకు అస్సలు నచ్చనివాడు ఆ కుర్చీలో కూర్చుంటే ఇదే అధికారంతో ఏం చేస్తాడు? 2015 జూన్ 16న ట్రంప్ టవర్‌లో ఎస్కలేటర్ దిగి పోటీ చేస్తానని ప్రకటించిన రోజు నుంచి ఆయన చెప్పిన ప్రతి మాటనీ నేను ఈ ప్రశ్నతోనే చూశాను. చాలావరకు పాసవలేదు.

ముందు భూమి సంగతి, ఎందుకంటే మన వాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. రోడ్డు కోసమో రిజర్వాయర్ కోసమో భూసేకరణ చేస్తే ఎంత గొడవవుతుందో తెలుసు కదా. మరి ఒక ప్రైవేటు కంపెనీ కోసం ఇంకొకరి ఇల్లు లాక్కుంటే? అమెరికాలో 2005లో సుప్రీంకోర్టు దీన్ని 5-4 తేడాతో సరేనంది. కనెక్టికట్‌లో న్యూ లండన్ అనే ఊరు. ఫైజర్ కంపెనీ రీసెర్చ్ సెంటర్ పక్కన హోటల్, ఆఫీసులు కట్టిస్తే పన్నులు పెరుగుతాయి, ఉద్యోగాలొస్తాయి అని మునిసిపాలిటీ జనాల ఇళ్లు తీసుకుంది. కీలో కేసు అంటారు. దేశంలో కన్జర్వేటివ్‌లే కాదు, లిబరల్స్ కూడా మండిపడ్డారు, ఆ తర్వాత నలభైకి పైగా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో తమ చట్టాలు మార్చుకున్నాయి. ఇళ్లు కూల్చిన చోట అనుకున్నవేవీ కట్టలేదు, 2009లో ఫైజర్ కూడా ఆ ఊరు వదిలిపోతున్నామని చెప్పేసింది, స్థలం గడ్డి మొలిచి ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. ఆ తీర్పు వచ్చిన ఏడాదే ట్రంప్ టీవీలో మాట్లాడుతూ దీనితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తానన్నాడు.

ఎందుకన్నాడో ఊహించడం కష్టం కాదు. 1990లలో అట్లాంటిక్ సిటీలో ఆయన కాసినో పక్కనే ఒక వితంతువు ఇల్లుంది, ఆవిడ అమ్మనంది. న్యూజెర్సీ ప్రభుత్వ సంస్థ ఒకటి రంగంలోకి దిగి, లిమోజీన్లు పార్క్ చేసుకోవడానికని ఆ ఇంటిని ప్రభుత్వ అధికారంతో తీసుకోబోయింది. ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్ అనే లిబర్టేరియన్ లాయర్ల సంస్థ ఆవిడ తరఫున నిలబడింది, 1998లో కోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. కాసినో 2014లో మూతపడింది. 2016 ఫిబ్రవరి 6న న్యూ హాంప్‌షైర్ డిబేట్‌లో పోటీలో ఉన్న జెబ్ బుష్ ఈ విషయం ఎత్తితే ట్రంప్ ఏమాత్రం తడబడలేదు, ఆ అధికారం లేకపోతే రోడ్లుండవు, ఆస్పత్రులుండవు, పైప్‌లైన్లుండవు అన్నాడు. లిమోజీన్ పార్కింగ్‌కీ ఆస్పత్రికీ తేడా ఉందని మైకు పట్టుకుని అరవాలనిపించింది నాకు. మూడు రోజుల తర్వాత అదే రాష్ట్రంలో ప్రైమరీ గెలిచాడు. తుపాకీల మీద స్వరం కాస్త మారితే అభ్యర్థిని చీల్చి చెండాడే ఓటర్లు, సొంతింటి హక్కు మీద ఇంత మాట అంటే పట్టించుకోలేదు. మా సిద్ధాంతం జనంలో అంతగా ఏమీ దిగలేదని నాకు మొదట అనుమానం వచ్చింది ఆ వారమే.

తర్వాత సుంకాలు. 2016 జనవరిలో చైనా సరుకు మీద 45 శాతం సుంకం వేస్తానన్నాడు, మెక్సికోలో ఫ్యాక్టరీ పెడితే ఫోర్డ్ కార్ల మీద 35 శాతం అన్నాడు. వినడానికి చైనాని కొట్టినట్టే ఉంటుంది. కానీ సుంకం కట్టేది చైనా కాదు, ఇక్కడ దిగుమతి చేసుకునే కంపెనీ, ఆ తర్వాత అందులో చాలా భాగం షాపులో మీ బిల్లులోకి వచ్చి కూర్చుంటుంది. పేరు సుంకం, పని పన్ను. డెమోక్రాట్ ఎవరైనా వాల్‌మార్ట్ సరుకు మీద 45 శాతం పన్ను వేస్తానని ఉంటే మా పార్టీ వాళ్లు వీధుల్లోకి వచ్చేవాళ్లు!

ఇది ఊహ కాదు, ఆయన గెలిచాక జరిగింది చూడండి. 2018లో దిగుమతయ్యే వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేశారు. ధరలు దాదాపు 12 శాతం పెరిగాయి. తమాషా ఏంటంటే డ్రయర్ల మీద సుంకం లేదు, అయినా వాటి ధరలూ దాదాపు అంతే పెరిగాయి, ఎందుకంటే ఇక్కడ రెండూ జతగా కొంటారు, కంపెనీలు పెంపుని రెండింటికీ పంచేశాయి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, షికాగో యూనివర్సిటీ ఆర్థికవేత్తలు లెక్క వేస్తే వచ్చిన ఉద్యోగాలు సుమారు 1,800, కొనేవాళ్ల మీద పడిన భారం ఏడాదికి 150 కోట్ల డాలర్లు. ఒక్కో ఉద్యోగానికి 8 లక్షల డాలర్ల పైమాటే! అంత డబ్బుతో ఆ ఉద్యోగులందరినీ ఇంట్లో కూర్చోబెట్టి ఏళ్ల తరబడి జీతాలివ్వొచ్చు. చైనా తిరిగి మన సోయాబీన్స్ మీద సుంకం వేస్తే రైతులు దెబ్బతిన్నారు, వాళ్లకి 2018, 2019ల్లో కలిపి 2,800 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాల్సి వచ్చింది. అంటే ముందు పన్ను వేసి, ఆ పన్ను వల్ల నష్టపోయినవాడికి మళ్లీ మన పన్ను డబ్బే ఇచ్చారు.

రేగన్ కూడా జపాన్ కార్లకి కోటా పెట్టించలేదా, ప్రెసిడెంట్ జార్జ్ డబ్ల్యూ. బుష్ 2002లో స్టీల్ మీద సుంకం వేయలేదా అంటారు. పెట్టారు, వేశారు, తప్పే చేశారు. బుష్ ఏడాదిన్నర దాటగానే తీసేశాడు కూడా. తేడా ఏంటంటే వాళ్లు దాన్ని రాజకీయ అవసరానికి చేసిన మినహాయింపుగా చూశారు, ట్రంప్ అదే సిద్ధాంతం అన్నాడు. 1980ల నుంచి ఆయన మారకుండా పట్టుకున్న అభిప్రాయం బహుశా ఇదొక్కటే, ఆ నిజాయితీ మాత్రం ఒప్పుకోవాలి.

మిగతావన్నీ మారుతూనే వచ్చాయి. 1999లో రిఫార్మ్ పార్టీ తరఫున నిలబడాలని చూసినప్పుడు కోటి డాలర్లకి పైగా ఆస్తి ఉన్నవాళ్ల మీద ఒకేసారి 14.25 శాతం సంపద పన్ను వేయాలన్నాడు. సోషలిస్టునని చెప్పుకునే సెనేటర్ బెర్నీ శాండర్స్ కూడా ఉలిక్కిపడే రేటది. 2015 ఆగస్టు డిబేట్‌లో సింగిల్ పేయర్ వైద్యం (అందరి ఖర్చూ ప్రభుత్వమే కట్టే పద్ధతి) కెనడాలో, స్కాట్లండ్‌లో బాగా నడుస్తోందన్నాడు. ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్‌ని ఎత్తేస్తానంటూనే అందరికీ వైద్యం అందుతుంది, గవర్నమెంటే కడుతుంది అని టీవీ ఇంటర్వ్యూలో చెప్పాడు. ఇక మన వాళ్ల సంగతి, అంటే హెచ్-1బి. 2016 మార్చి 3న డెట్రాయిట్ డిబేట్‌లో నైపుణ్యం ఉన్నవాళ్లు మనకి కావాలి, నా అభిప్రాయం మార్చుకుంటున్నాను అన్నాడు. మన గ్రూపుల్లో ఒకటే సంబరం. అదే రాత్రి డిబేట్ అయ్యాక ప్రకటన వచ్చింది, చవక జీతాలకి మనుషుల్ని తెచ్చే ఈ హెచ్-1బి పద్ధతిని శాశ్వతంగా అంతం చేస్తానని. కొన్ని గంటల తేడా అంతే! అక్టోబరులో న్యూజెర్సీ ఎడిసన్‌లో మన వాళ్ల సభకి వచ్చి దీపం వెలిగించి పొగిడితే మళ్లీ మురిసిపోయాం. ఏ సిద్ధాంతమూ లేని నాయకుడితో వచ్చే చిక్కు ఇదే, ఏ పక్షం వాళ్లయినా ఆయన మా వాడే అనుకోవచ్చు, ఏ రోజు ఎవరి వంతో ఎవరికీ తెలియదు.

అప్పు గురించి. అప్పట్లో దేశం అప్పు 19 లక్షల కోట్ల డాలర్లు. ఎనిమిదేళ్లలో మొత్తం తీర్చేస్తానన్నాడు. పన్నులు తగ్గిస్తా, మిలిటరీకి ఇంకా ఇస్తా, సోషల్ సెక్యూరిటీ (పెన్షన్లు), మెడికేర్ (వృద్ధుల వైద్యం), మెడికెయిడ్ (పేదల వైద్యం) జోలికి పోను, అయినా అప్పు తీరుస్తా. ఫెడరల్ ఖర్చులో దాదాపు సగం ఆ మూడింటిదే. వడ్డీ కట్టక తప్పదు, మిలిటరీ పెరుగుతుంది, ఇక కోయడానికి మిగిలేదెంత? ఎనిమిదో తరగతి లెక్క ఇది. మే నెలలో ఇంకో అడుగు ముందుకేసి, అప్పు తెస్తాను, ఆర్థిక వ్యవస్థ దెబ్బతింటే అప్పిచ్చినవాళ్లతో బేరమాడొచ్చు అన్నట్టు మాట్లాడాడు. ఆయన కాసినో కంపెనీలు దివాలా కోర్టులో చేసింది అదే. కాసినో అప్పు తగ్గించి కట్టడం వేరు, ప్రపంచమంతా నమ్మి దాచుకునే అమెరికా ట్రెజరీ బాండ్లు వేరు. 2017 జనవరిలో సుమారు 19.9 లక్షల కోట్లున్న అప్పు ఆయన దిగిపోయేనాటికి దాదాపు 27.7 లక్షల కోట్లయింది. కోవిడ్ వల్ల కదా అంటే, కొంత అవును. కానీ కోవిడ్ రాకముందే, ఉద్యోగాలు బాగున్న 2019లోనే లోటు లక్ష కోట్ల డాలర్ల దగ్గరికి చేరింది. మంచి రోజుల్లో దాచనివాడు చెడ్డ రోజుల్లో ఏం చేస్తాడు.

రాజ్యాంగం విషయంలో రెండు మాటలు చాలు. ఫిబ్రవరి 26న టెక్సాస్‌లోనే ఫోర్ట్ వర్త్ సభలో పరువునష్టం చట్టాల్ని సడలించి పత్రికల మీద కేసులు వేసి బోలెడు డబ్బు రాబట్టేలా చేస్తానన్నాడు. 1964 నుంచి సుప్రీంకోర్టు తీర్పు అడ్డుంది, ప్రెసిడెంటు తలుచుకుంటే అయ్యేది కాదు, కానీ తలుచుకోవడమే చూడండి. ఇంకోటి, తీవ్రవాదుల కుటుంబాల్ని కూడా వదలనన్నప్పుడు మిలిటరీ అలాంటి చట్టవిరుద్ధమైన ఆదేశం పాటించదు కదా అని అడిగితే, నా మాట కాదనరు అన్నాడు. మర్నాడే వెనక్కి తగ్గాడు. ఒక కన్జర్వేటివ్‌కి ఆ ఒక్క జవాబు చాలు ఓటు వేయకపోవడానికి, నా వరకు.

ఇవన్నీ అప్పుడు ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు, గొంతు చించుకుని చెప్పారు. 2016 జనవరిలో నేషనల్ రివ్యూ అనే కన్జర్వేటివ్ పత్రిక ఏకంగా ట్రంప్‌కి వ్యతిరేకంగా ఒక సంచిక వేసింది, ఇరవైమందికి పైగా రాశారు, ఆర్థికవేత్త థామస్ సోవెల్ దగ్గర్నుంచి లిబర్టేరియన్ సంస్థ కేటో ఇన్‌స్టిట్యూట్ డేవిడ్ బోజ్ దాకా. ఫలితం? ఫిబ్రవరిలో ఆ పత్రిక సహ నిర్వాహకురాలిగా ఉండాల్సిన డిబేట్ నుంచి రిపబ్లికన్ పార్టీ వాళ్లని తీసేసింది. పోటీలో ఉన్న కెంటకీ సెనేటర్, లిబర్టేరియన్ల అభిమాన నాయకుడు రాండ్ పాల్ మొదటి డిబేట్ మొదటి నిమిషాల్లోనే, ఈయన అన్ని పార్టీల నాయకుల్నీ కొనడం అలవాటైన మనిషి అని నేరుగా మొహం మీదే అన్నాడు. ఐయోవాలో అయిదో స్థానం వచ్చింది, ఫిబ్రవరి 3న తప్పుకున్నాడు. జార్జ్ విల్ లాంటి పెద్ద కాలమిస్టు జూన్‌లో పార్టీ సభ్యత్వమే వదిలేశాడు. ఓటర్లు ఎవరినీ లెక్కచేయలేదు.

దీని మీద కెంటకీ కాంగ్రెస్‌మన్ థామస్ మాసీ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. తను గెలిచినప్పుడు, రాండ్ పాల్‌కీ, ఆయన తండ్రి రాన్ పాల్‌కీ ఓట్లు పడ్డప్పుడు జనం లిబర్టేరియన్ ఆలోచనలకి ఓటేస్తున్నారనుకున్నాడట, ట్రంప్ వచ్చాక తెలిసిందట వాళ్లు వెతుకుతున్నది పోటీలో ఉన్నవాళ్లలో అందరికన్నా వెర్రెత్తినవాడి కోసమని. బూతు తీసేసి చెప్పాను. నవ్వొస్తుంది కానీ టీ పార్టీ (పన్నులకీ పెద్ద ప్రభుత్వానికీ వ్యతిరేకంగా లేచిన ఉద్యమం) రోజుల్లో ర్యాలీలకి రాజ్యాంగం జేబు పుస్తకాలు పట్టుకొచ్చిన మనుషులు, ఆరేళ్లు తిరిగేసరికి ప్రెసిడెంటుకి అడ్డేంటి అనడం చూసినవాళ్లకి ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

అయితే ఇక్కడ మా వైపు తప్పు లేదంటే అబద్ధమాడినట్టే. ఆయన గుర్తించిన రోగాలు నిజమైనవి. దేశంలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు 1979లో 1.95 కోట్లు, 2016కి 1.23 కోట్లు. ఎక్కువ భాగం 2000 తర్వాత పోయాయి, అందులో మర మనుషుల వాటా ఎంత, చైనా వాటా ఎంత అని ఆర్థికవేత్తలు కొట్టుకుంటుంటారు గానీ ఒహాయోలో మూతపడ్డ ఊళ్లో ఉన్నవాడికి ఆ లెక్కతో పనేముంది. మేం వాళ్లకి చెప్పింది ఏంటి, మొత్తం మీద దేశానికి లాభమే అని. అది నిజమే, కానీ ఉద్యోగం పోయినవాడి ముందు గ్రాఫు పెట్టి మాట్లాడటం కన్నా మూర్ఖత్వం లేదు. ఇక చిన్న ప్రభుత్వం అని జపం చేసే మా నాయకులు బుష్ టైంలో ఏం చేశారు? మెడికేర్‌కి మందుల పథకం కలిపారు, స్కూళ్లని వాషింగ్టన్ చేతికిచ్చారు, రెండు యుద్ధాలు అప్పు మీద నడిపారు, 2008లో బ్యాంకులు మునుగుతుంటే 70,000 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఇచ్చారు. బ్యాంకుకి ఒక న్యాయం, ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌కి ఒక న్యాయం అనిపించదా? 2016 ఫిబ్రవరి 13న సౌత్ కరోలినా డిబేట్‌లో, మిలిటరీ కుటుంబాలు నిండిన రాష్ట్రంలో నిలబడి, ఇరాక్ యుద్ధం పెద్ద తప్పు అని ట్రంప్ అన్నప్పుడు హాల్లో వ్యతిరేకంగా అరిచి గోల చేశారు. నేను ఇంట్లో సోఫాలో చప్పట్లు కొట్టాను. మా లిబర్టేరియన్లు పదమూడేళ్లుగా అంటున్న మాటని అంత బాహాటంగా అని ప్రెసిడెంటు నామినేషన్ గెలిచిన రిపబ్లికన్ ఇంకెవరూ లేరు, వారం తర్వాత ఆ రాష్ట్రం కూడా ఆయనదే.

అంటే ధైర్యం లేకపోతే ఏదీ మారదన్న సంగతి ఆయన నిరూపించాడు. నా బాధ ఆ ధైర్యం ఎక్కడ ఖర్చయిందన్నదే. ఐయోవానే తీసుకోండి. అక్కడ పెట్రోల్‌లో ఇథనాల్ కలపాలన్న ఫెడరల్ నిబంధన మొక్కజొన్న రైతులకి బంగారు గుడ్డు, దాన్ని విమర్శించినవాడు అక్కడ గెలవడని పేరు. పోటీలో ఉన్న మా టెక్సాస్ సెనేటర్ టెడ్ క్రూజ్ దాన్ని ఎత్తేయాలన్నాడు, సొంత పార్టీ గవర్నరే ఆయన్ని ఓడించండని పిలుపిచ్చాడు, అయినా 27.6 శాతంతో గెలిచాడు. వాషింగ్టన్ లాబీలకి భయపడనని ఊరంతా చాటిన ట్రంప్? ఇథనాల్‌కి ఇంకా గట్టి మద్దతిస్తానని చెప్పి 24.3 దగ్గర ఆగాడు.

"మరి సుప్రీంకోర్టు?" అనేది నాకు ఎదురయ్యే గట్టి వాదన. సుప్రీంకోర్టులో కన్జర్వేటివ్ జడ్జి స్కాలియా ఫిబ్రవరిలో పోయారు, మే 18న ట్రంప్ ఆ కుర్చీకి పదకొండు మంది జడ్జిల లిస్టు విడుదల చేశాడు, అది చూసి నా స్నేహితుల్లో చాలామంది అటు వెళ్లిపోయారు. వాళ్లని తప్పు పట్టను. స్కాలియా స్థానంలో గోర్సచ్ నియామకం నాకు నిజంగా నచ్చింది, ప్రభుత్వ అధికారాన్ని అనుమానంగా చూసే జడ్జి ఆయన. కార్పొరేట్ పన్ను 35 శాతం నుంచి 21కి తగ్గడం మంచిదే. 2018లో జైలు శిక్షల్ని సంస్కరించిన ఫస్ట్ స్టెప్ చట్టం ఏ లిబర్టేరియన్ అయినా సంతకం పెట్టేదే. ఈ మంచి పనుల్లో పన్నూ, శిక్షల సంస్కరణా, రెండూ కాంగ్రెస్ చట్టం చేస్తే వచ్చినవి, జడ్జిల్నైతే సెనేట్ ఓటేసి పంపింది. నన్ను భయపెట్టినవి ఆయన ఒక్క సంతకంతో చేసినవి.

ఇక్కడే నేను మొదట చెప్పిన ప్రశ్న పనికొస్తుంది. 2013లో సెనేట్ డెమోక్రాట్ నాయకుడు హ్యారీ రీడ్ నియామకాలకి ఫిలిబస్టర్ అడ్డు (60 మంది సెనేటర్లు ఒప్పుకుంటే తప్ప ఓటింగ్‌కి రానివ్వని పద్ధతి) తీసేశాడు, సుప్రీంకోర్టు జడ్జిల్ని మాత్రం మినహాయించి. రేపు మా వాళ్లొస్తే ఏడుస్తారు మీరు అని అప్పుడే చెప్పారు. 2017లో సెనేట్ రిపబ్లికన్ నాయకుడు మెక్‌కానెల్ ఆ మినహాయింపు కూడా తీసేసి గోర్సచ్‌ని కూర్చోబెట్టాడు. ఇప్పుడు తిప్పి చూడండి. 2019లో మెక్సికో సరిహద్దు గోడకి కాంగ్రెస్ 137.5 కోట్ల డాలర్లే ఇస్తే చాలక, ట్రంప్ ఎమర్జెన్సీ ప్రకటించి మిలిటరీ నిర్మాణాల డబ్బు మళ్లించాడు. పన్నెండు మంది రిపబ్లికన్ సెనేటర్లు దానికి వ్యతిరేకంగా ఓటేశారు, రాండ్ పాల్, మైక్ లీ అందులో ఉన్నారు. వాళ్లని ద్రోహులన్నారు. మూడేళ్లకి బైడెన్ కోవిడ్ ఎమర్జెన్సీ పేరు చెప్పి కాంగ్రెస్‌ని అడక్కుండానే స్టూడెంట్ లోన్లు మాఫీ చేయబోతే, అదే జనం రాజ్యాంగం ఏమైపోయింది అని గోల. కోర్టు 2023లో కొట్టేసింది, మంచిదైంది. కానీ ఒకడి సంతకాన్ని సమర్థించి ఇంకొకడి సంతకాన్ని తిడితే అది సిద్ధాంతం ఎలా అవుతుంది?

ఆయన రెండోసారి వచ్చాక ఇది ఇంకా ముదిరింది. 2025 ఆగస్టులో చిప్‌లు తయారుచేసే ఇంటెల్ కంపెనీలో దాదాపు 10 శాతం వాటా ఫెడరల్ ప్రభుత్వం తీసుకుంది. బెర్నీ శాండర్స్ దాన్ని మెచ్చుకున్నాడు, రాండ్ పాల్ ఇది సోషలిజం వైపు అడుగు కాదా అని అడిగాడు. రిపబ్లికన్ ప్రెసిడెంటు చేసిన పనికి ఇది! ఆ నెలలోనే భారత్ సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది, దానికి కాంగ్రెస్ ఓటేమీ లేదు, 1977 నాటి ఎమర్జెన్సీ చట్టం ఒకటి చూపించారు. అమెరికా మార్కెట్ మీద ఆధారపడ్డ భీమవరం రొయ్యల రైతుకి ఆ సంతకం వేడి నేరుగా తగిలింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లు అని ఇంకో ప్రకటన. మన వాళ్లలో కొందరు, బలమైన నాయకుడు కావాలి, కాంగ్రెస్ ఏ పనీ చేయనివ్వదు అని వాదించినవాళ్లే ఆ శుక్రవారం రాత్రి ఇండియాలో ఉన్న కొడుకుల్ని వెంటనే ఫ్లైట్ ఎక్కమని ఫోన్లు చేశారు. వాళ్ల టెన్షన్ చూసి నేనేమీ సంతోషపడలేదు. చట్టం అయి ఉంటే నెలల తరబడి చర్చ జరిగేది, తేదీలు ముందే తెలిసేవి, అభ్యంతరం చెప్పుకునే వీలుండేది. కాంగ్రెస్ నెమ్మదిగా కదలడం వల్ల మనకి దక్కే రక్షణ అదే.

ఇంతకీ డెమోక్రాట్ అభ్యర్థి హిల్లరీకి వేశారా అని అడిగినట్టే, లోపల డెమోక్రాటా అంటే. లేదు. ఆవిడ పన్నులు, తుపాకీలు, లిబియా, ఏదీ నాకు సరిపడదు. లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థి గ్యారీ జాన్సన్‌కి వేశాను. న్యూ మెక్సికోకి రెండుసార్లు రిపబ్లికన్ గవర్నర్, బిల్లులు వీటో చేయడంలో పేరు తెచ్చుకున్న మనిషి. సెప్టెంబరులో టీవీలో సిరియా యుద్ధంలో నలుగుతున్న అలెప్పో నగరం గురించి అడిగితే అలెప్పో అంటే ఏంటని ఎదురడిగి పరువు పోగొట్టుకున్నాడు, మా ఇంట్లోనే నన్ను వారం రోజులు ఏడిపించారు. యుద్ధాలు మొదలుపెట్టే ఊళ్ల పేర్లు తెలిసినవాళ్ల కన్నా నయం అని బుకాయించాను గానీ నిజంగానే సిగ్గేసింది. దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు వచ్చింది, లిబర్టేరియన్ పార్టీకి అప్పటిదాకా అదే ఎక్కువ.

ఓటు వృథా చేశావని ఇప్పటికీ అంటారు. టెక్సాస్‌లో ట్రంప్ తొమ్మిది శాతం తేడాతో గెలిచాడు, నా ఓటు ఎటు పడ్డా ఫలితం అదే, కాబట్టి నచ్చినవాడికి వేయడంలో నష్టమేమీ కనపడలేదు. పోటీ హోరాహోరీగా ఉన్న పెన్సిల్వేనియాలో ఉండి ఉంటే ఇంత తేలిగ్గా తేల్చుకునేవాణ్ణా అంటే చెప్పలేను, అక్కడ చేతులు వణుకుతాయి. రాష్ట్రం తరఫున ప్రెసిడెంటుకి లాంఛనంగా ఓటేసే ఇక్కడి 38 మంది ఎలక్టర్లలో ఇద్దరు డిసెంబరులో ట్రంప్‌కి వేయకుండా తిరగబడ్డారు, వాళ్లలో ఒకరు ఓటేసింది ఎవరికో కాదు, మా రాన్ పాల్‌కి.